మాటలు కోటలు దాటితే

2025 జూన్ 21, శనివారం రాత్రి. డాలస్ శివార్లలో మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో నాలుగు కుటుంబాల వాళ్ళం భోజనాలకు చేరాం. వడ్డన పూర్తికాకముందే ఒకరి ఫోను మోగింది, ఆ వెంటనే అందరి ఫోన్లూ మోగాయి. ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాల మీద అమెరికా విమానాలు బాంబులు వేసి తిరుగుదారి పట్టాయని అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించాడు. తొమ్మిది గంటలకు ఆయన టీవీలో మాట్లాడేవరకూ ఎవరమూ కంచాల ముందునుంచి లేవలేదు. "నలభై ఏళ్ళకు పైగా 'అమెరికా నశించాలి' అని అరుస్తూనే ఉన్నారు. అన్నేళ్ళు అరిచినవాడు ఆయుధం చేతికి దొరికిన రోజున ఊరుకుంటాడా?" అన్నాడు అన్నయ్య. నేను తలూపాను. యూనివర్సిటీలో మూడో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. "నాన్నా, కాలేజీలో ఎవరేమన్నా మాటలే కదా, తట్టుకోవడం నేర్చుకోమని నువ్వే అంటావు, పెదనాన్న కూడా అంటాడు. మరి టెహ్రాన్‌లో వాళ్ళు అరిచేవి మాటలు కావా?" అంది.

అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు సరిగా రాలేదు. ఈ దేశపు పౌరసత్వం తీసుకున్న దగ్గరనుంచి నేను ఎక్కువసార్లు రిపబ్లికన్లకే ఓటు వేశాను. పన్నుల గురించో, తుపాకుల గురించో కాదు. క్యాంపస్‌లలో మాట్లాడే స్వేచ్ఛ గురించి వాళ్ళు చెప్పింది నాకు నచ్చింది, పరాయి దేశాల అణ్వాయుధాల విషయంలో మెత్తబడకూడదని వాళ్ళు అన్నదీ నచ్చింది. ఈ రెండు అభిప్రాయాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చోగలవా అని నేను ఏనాడూ చూసుకోలేదు. అమ్మాయి చూసింది.

ఆ రాత్రి నేనిచ్చిన జవాబు ఇది. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అని మన పెద్దలు ఊరికే అనలేదు. బెదిరింపును కొలవవలసింది మాటతో కాదు, కాళ్ళతో. కాలేజీ కుర్రవాడి చేతిలో మైకు తప్ప ఏమీ లేదు. ఇరాన్ చేతిలో 60 శాతం శుద్ధి చేసిన యురేనియం నాలుగు వందల కిలోలకు పైగా ఉందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థే చెబుతున్నది, బాంబుకు కావలసిన 90 శాతానికి అక్కడినుంచి పెద్ద దూరం లేదు. కనుక అక్కడి అరుపూ ఇక్కడి అరుపూ ఒకటి కావు. అమ్మాయి ఒప్పుకుంది. అయితే ఆ కొలతను పట్టుకుని తర్వాత కొన్ని నెలలు ఆలోచిస్తూ పోయినకొద్దీ అది నా చేతిలోనే అడ్డం తిరిగింది. ఈ వ్యాసం ఆ అడ్డం తిరగడం గురించి.

నాకు నచ్చిన వాదన

నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో, దాని పేరు ఇక్కడ అనవసరం, 1990లో మండల్ గొడవలు జరుగుతున్నప్పుడు ఒక జూనియర్ రిజర్వేషన్లను సమర్థిస్తూ రెండు పేజీల వ్యాసం చేత్తో రాసి హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించాడు. మధ్యాహ్నానికి ఆ కాగితాలు చిరిగాయి, రాత్రికి అతని గది తలుపు విరిగింది. తలుపు విరగ్గొట్టినవాళ్ళలో ఒకడు మర్నాడు మెస్సులో చెప్పిన కారణం నాకింకా గుర్తుంది: "వాడు రాసింది చదువుతుంటే మమ్మల్ని కొట్టినట్టే ఉంది." ఆ వ్యాసంతో నేను అప్పుడు ఏకీభవించలేదు. తలుపు విరుగుతున్నప్పుడు నేను వరండాలోనే ఉన్నాను, ఆపలేదు.

కాబట్టి పాతికేళ్ళ తర్వాత అమెరికా క్యాంపస్‌లలో 'మాట కూడా హింసే' అనే సూత్రం మొదలైనప్పుడు ఆ మెస్సులోని గొంతు నాకు మళ్ళీ వినిపించింది. మాట దెబ్బతో సమానమైతే, దెబ్బకు దెబ్బ ఇవ్వడం ఆత్మరక్షణ అవుతుంది. ఆ సూత్రం చెప్పినవాళ్ళకు ఆ ఉద్దేశం ఉన్నా లేకపోయినా అది చేరేది అక్కడికే. 2016 ఆగస్టులో షికాగో యూనివర్సిటీ డీన్ కొత్త విద్యార్థులకు ఉత్తరం రాస్తూ, ఇక్కడ మనసు నొచ్చుకునే విషయాలకు ముందస్తు హెచ్చరికలను మేము సమర్థించమనీ, వివాదం రేగుతుందన్న భయంతో పిలిచిన వక్తలను వద్దనమనీ స్పష్టం చేసినప్పుడు నేను దాన్ని కాగితం మీద అచ్చు తీసి ఉంచుకున్నాను. 2017 మార్చిలో వెర్మాంట్‌లోని మిడిల్‌బరీ కాలేజీలో, తెలివితేటలకూ జాతికీ ముడిపెట్టాడన్న విమర్శ ఉన్న రచయిత చార్ల్స్ మరే ఉపన్యాసాన్ని విద్యార్థులు అరుపులతో ఆపేశారు. ఆయనను ప్రశ్నలతో నిలదీయడానికి ఒప్పుకున్న ప్రొఫెసర్ అలిసన్ స్టాంజర్ బయటికి వస్తుంటే గుంపులో ఎవరో జుట్టు పట్టి లాగగా ఆమె మెడకు గాయమైంది. ఆ వారమే ఈ బ్లాగులో దాని మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. ఆయన వాదాన్ని ఖండించడానికి వచ్చిన మనిషికే దెబ్బ తగలడం నాకు ఆ మెస్సు తర్కానికి సరైన ముగింపులా కనిపించింది.

ఇంతవరకూ నా అభిప్రాయం మారలేదు. మారింది, ఈ వాదన కన్సర్వేటివ్‌ల సొంత ఆస్తి అన్న నమ్మకం. అమెరికా కన్సర్వేటివ్ ఉద్యమానికి ఆద్యుడనదగ్గ విలియం బక్లీ 1951లో యేల్ యూనివర్సిటీ మీద రాసిన తొలి పుస్తకానికి పెట్టిన ఉపశీర్షికలోనే బోధనా స్వేచ్ఛను ఒక మూఢనమ్మకం అన్నాడు. యేల్‌కు డబ్బిచ్చే పూర్వ విద్యార్థులకు నచ్చని చదువు అక్కడ చెప్పకూడదన్నది ఆయన వాదన సారాంశం. 1964లో బర్కిలీలో విద్యార్థులు మాట్లాడే హక్కు కోసం కూర్చున్నప్పుడు వాళ్ళు వామపక్షం వాళ్ళు. 1966లో 'బర్కిలీ కంపును కడిగేస్తాను' అన్న ధోరణిలో ప్రచారం చేసి కాలిఫోర్నియా గవర్నర్ అయినవాడు రొనాల్డ్ రేగన్. అంటే క్యాంపస్ ఎవరి చేతిలో ఉందో చూసి, అవతలివాళ్ళు స్వేచ్ఛ అడుగుతారు. గత ముప్పై ఏళ్ళుగా క్యాంపస్ మా చేతిలో లేదు కనుక మేము అడిగాం. ఈ సంగతి తెలియక నేను దాన్ని సిద్ధాంతం అనుకున్నాను.

2023 డిసెంబర్ 5న కాంగ్రెస్ విచారణలో నాకు మొదటిసారి కాలు జారినట్టనిపించింది. యూదుల సామూహిక హననానికి పిలుపునివ్వడం మీ నియమావళిని ఉల్లంఘించినట్టా కాదా అని రిపబ్లికన్ సభ్యురాలు ఎలీస్ స్టెఫానిక్ అడిగింది. హార్వర్డ్, పెన్సిల్వేనియా, ఎంఐటీ అధ్యక్షురాళ్ళు ముగ్గురూ 'సందర్భాన్ని బట్టి' అనే అర్థం వచ్చే జవాబులిచ్చారు. దేశమంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వులో న్యాయం ఉంది. 2015లో యేల్‌లో హాలోవీన్ వేషాల గురించి పంపిన ఒక ఈమెయిల్‌కే పెద్ద దుమారం రేగింది; అలాంటి క్యాంపస్‌ల పెద్దలు, హఠాత్తుగా ఇంత పెద్ద మాట దగ్గర రాజ్యాంగ పండితులైపోవడం హాస్యాస్పదమే. కాని మర్నాడు కారు నడుపుతూ ఆలోచిస్తే తోచింది: చట్టప్రకారం వాళ్ళ జవాబు తప్పు కాదు. 1969లో సుప్రీంకోర్టు బ్రాండెన్‌బర్గ్ కేసులో పెట్టిన గీత అదే. మాట వెంటనే చట్టవిరుద్ధమైన చర్యకు పురికొల్పేలా ఉండాలి, ఆ చర్య నిజంగా జరిగే అవకాశమూ ఉండాలి. సందర్భం కాకపోతే మరి దేన్ని బట్టి కొలుస్తాం? ఆ గీత దగ్గర నిలబడవలసినవాళ్ళం మేము. పదేళ్ళ నుంచి మేము అడుగుతున్నది అదే.

'మీ తద్దినం మేమే పెడతాం'

ఇక రెండో వైపుకు వస్తాను, నిజానికి నన్ను ఎక్కువ తిప్పలు పెట్టినది ఇది.

1956 నవంబరులో మాస్కోలోని పోలండ్ రాయబార కార్యాలయంలో జరిగిన విందులో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ పాశ్చాత్య రాయబారుల ముఖం మీదే 'మిమ్మల్ని పాతిపెడతాం' అన్నాడు. ఇంగ్లీషులో అది చంపేస్తామన్నట్టు వినిపించింది. రష్యన్‌లో దాని ధ్వని, మీ అంత్యక్రియల నాటికి మేము ఇంకా ఉంటాం అని. తెలుగువాడికి ఇది అర్థం కావడానికి అనువాదకుడు అక్కరలేదు, పొలం గట్టు తగాదాల్లో 'నీ తద్దినం భోజనం తిని గాని పోను' అన్నవాళ్ళను మనం చూశాం. అయితే ఆ మాట అన్నవాడి దగ్గర అప్పటికే హైడ్రోజన్ బాంబు ఉంది, మాటతోపాటు కాళ్ళూ ఉన్నాయి. రాయబారులు లేచి వెళ్ళిపోయారు. అంతకుమించి ఏమీ జరగలేదు. అప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, రిపబ్లికన్, అంతకుముందు సైన్యాధిపతి. శత్రువు ఇంకా బలపడకముందే దెబ్బతీద్దామన్న ఆలోచనను ఆయన 1954లోనే పత్రికల వాళ్ళ ముందు కొట్టిపారేశాడు. అలాంటి మాట తెచ్చేవాళ్ళను తాను వినిపించుకోనన్నాడు.

రేగన్ ఇంకా విచిత్రమైనవాడు. 1983 మార్చిలో సోవియట్ యూనియన్‌ను దుష్ట సామ్రాజ్యం అన్నాడు. 1984 ఆగస్టులో రేడియో ప్రసంగానికి ముందు మైకు సరిచూస్తూ, రష్యాను శాశ్వతంగా నిషేధించే చట్టం మీద సంతకం చేశాను, అయిదు నిమిషాల్లో బాంబులు వేయడం మొదలవుతుంది అని పరాచికం ఆడాడు. ఆ మాట బయటికి పొక్కింది. క్యాంపస్‌లో ఎవరైనా ఆ స్థాయి హాస్యం ఆడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మాస్కో తిట్టింది, ఊరుకుంది. ఆ రేగనే 1985 నవంబరులో జెనీవాలో గోర్బచేవ్‌తో కలిసి, అణుయుద్ధంలో ఎవరూ గెలవలేరనీ దాన్ని ఎన్నడూ చేయకూడదనీ ప్రకటించాడు. 1987 డిసెంబరులో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకం చేశాడు. అప్పుడు సొంత కన్సర్వేటివ్ శిబిరంలోనే కొందరు ఆయనను సోవియట్ ప్రచారానికి పనికొచ్చే అమాయకుడన్నారు. ఈ రోజు ఆ శిబిరం వారసులు రేగన్ పటం కింద కూర్చుని మాట్లాడుతుంటారు.

కొలత ఇక్కడిదాకా బాగానే పనిచేసినట్టుంది: బలమున్నవాడి మాటను జాగ్రత్తగా విన్నారు, తొందరపడలేదు. ఉత్తర కొరియా దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. 1994 మార్చిలో పన్‌మున్‌జోమ్ చర్చల్లో ఉత్తర కొరియా ప్రతినిధి, యుద్ధం వస్తే సియోల్ నిప్పుల సముద్రమవుతుందని బెదిరించాడు. అప్పటికి వాళ్ళు ఒక్క అణుపరీక్షా చేయలేదు. ఆ ఏడాది అక్టోబరులో ఒప్పందం కుదిరింది, ఎనిమిదేళ్ళకు కూలిపోయింది, 2006 అక్టోబర్ 9న మొదటి పరీక్ష, 2017 సెప్టెంబరులో ఆరో పరీక్ష. 2017 ఆగస్టులో ట్రంప్ ప్రపంచం ఎన్నడూ చూడని అగ్నిజ్వాలల గురించి హెచ్చరించాడు. నేను అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒకణ్ణి. జవాబుగా ఆ నవంబరులో అమెరికా నడిగడ్డకు చేరగల క్షిపణిని కిమ్ జోంగ్ ఉన్ పరీక్షించి చూపించాడు. మరో ఏడు నెలలకు సింగపూర్‌లో ఇద్దరూ చేతులు కలిపారు. 2018 సెప్టెంబరులో వెస్ట్ వర్జీనియా సభలో ట్రంప్, కిమ్ తనకు అందమైన ఉత్తరాలు రాశాడనీ తామిద్దరం ప్రేమలో పడ్డామనీ చెప్పి జనాన్ని నవ్వించాడు.

ఇప్పుడు ఇరాన్‌ను దీని పక్కన పెట్టి చూడండి. అమెరికా తదితర దేశాలతో కుదిరిన 2015 అణు ఒప్పందం ప్రకారం ఇరాన్ యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదు, 300 కిలోలకు మించి దగ్గర ఉంచుకోకూడదు. ఆ ఒప్పందం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. పదిహేనేళ్ళకు ముగిసిపోయే గడువులు, క్షిపణుల ఊసే లేకపోవడం నిజమైన లోపాలు. కాని 2018 మేలో మనం అందులోనుంచి బయటికి వచ్చాకే 60 శాతం శుద్ధి మొదలైంది, అది 2021లో. 2025 మార్చిలో అమెరికా నిఘా విభాగాల అధిపతి తులసి గబార్డ్, ఇరాన్ అణ్వాయుధం తయారుచేస్తున్నదని తాము అనుకోవడం లేదని సెనెట్‌కు చెప్పింది. జూన్‌లో ఏడు బీ-2 విమానాలు వెళ్ళి, ఒక్కొక్కటి ముప్పై వేల పౌండ్ల బరువున్న పద్నాలుగు బాంబులు జారవిడిచి వచ్చాయి.

అంటే బాంబు ఉన్నవాడికి కరచాలనం, లేనివాడికి బాంబు. నేను అమ్మాయికి చెప్పిన సూత్రం ప్రకారం కాళ్ళున్నవాడి మాటకే భయపడాలి. ఆచరణలో మనం కాళ్ళున్నవాడి దగ్గర నోరు సర్దుకుని, కాళ్ళింకా రానివాడి మీదికి పోయాం. మెత్తనివారిని చూస్తే మొత్తబుద్ధి అన్న సామెతకు ఇంత ఖరీదైన ఉదాహరణ నాకు తెలియదు. 2003 డిసెంబరులో అణు కార్యక్రమాన్ని వదులుకున్న లిబియా అధినేత గడాఫీ 2011 అక్టోబరులో తిరుగుబాటుదారుల చేతిలో ఎలా చచ్చాడో ప్యోంగ్యాంగ్‌లో అందరికీ తెలుసు, టెహ్రాన్‌లోనూ తెలుసు. రేపు అక్కడ నిర్ణయం తీసుకునేవాడు ఈ వరసనంతా చూసి ఏ పాఠం నేర్చుకుంటాడు?

కన్సర్వేటివ్‌లు ఇక్కడ అందరూ ఒక్కటి కాదన్నది కూడా చెప్పాలి. దాడికి కొద్ది రోజుల ముందే మా టెక్సస్ సెనెటర్ టెడ్ క్రూజ్‌ను, ఆ యుద్ధం వద్దన్న కన్సర్వేటివ్ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ ఇరాన్ జనాభా ఎంతని అడిగితే ఆయన చెప్పలేకపోయాడు. అన్నయ్యకు ఆ వీడియో పంపితే 'జనాభా తెలియకపోతే ప్రమాదం తెలియదా?' అని జవాబిచ్చాడు, అదీ సబబే. విచిత్రం ఏమిటంటే, 2022 సెప్టెంబరులో పుతిన్ 'ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు' అన్నప్పుడు, ఆ మాటను అక్షరాలా నమ్మి యుక్రెయిన్‌కు సాయం ఆపాలన్నది ఈ యుద్ధ వ్యతిరేక వర్గమే. అది ఉత్త కూత అన్నది ఇరాన్ అరుపులను అక్షరాలా నమ్మే వర్గం. ఎవరి మాటను నమ్మాలన్నది ముందే నిర్ణయించుకుని, తర్వాత కారణం వెతుక్కుంటున్నాం. లిబరల్స్ ఇందుకు అతీతులేమీ కారు. క్యాంపస్‌లో తమను 'అతడు' అన్నారా 'ఆమె' అన్నారా అన్న ఒక సర్వనామం తేడాకు గాయపడే మా అమ్మాయి స్నేహితులు అయతొల్లా నినాదాలను అలంకారంగా తీసుకోమంటారు.

అధికారం చేతికి వచ్చాక

ఎవరి మాటకు భయపడాలో దేన్ని బట్టి నిర్ణయించుకుంటున్నాం అన్నదానికి జవాబులో సగం క్యాంపస్‌లోనే ఉందని 2025 వసంతంలో తెలిసింది. టఫ్ట్స్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేస్తున్న రుమేసా ఓజ్‌తుర్క్ అనే తుర్కీ విద్యార్థినిని మార్చి 25న ముసుగులు వేసుకున్న అధికారులు నడివీధిలో పట్టుకుని లూసియానా నిర్బంధ కేంద్రానికి తరలించారు. ఆమె మీద బయటికి తెలిసిన ఆధారం, ఏడాది కిందట మరో ముగ్గురితో కలిసి విద్యార్థి పత్రికలో రాసిన ఒక వ్యాసం. ఇజ్రాయెల్‌తో యూనివర్సిటీ సంబంధాల గురించి విద్యార్థి సంఘం చేసిన తీర్మానాలను యాజమాన్యం పట్టించుకోవాలని అందులో ఉంది. ఆరు వారాలు దాటాక న్యాయమూర్తి ఆమెను విడిపించాడు. ఆ వ్యాసం చదివాను. దానితో నేను ఏకీభవించను. కాని చదువుతున్నంతసేపూ నాకు నోటీసు బోర్డు మీది ఆ రెండు చేతిరాత పేజీలే కళ్ళముందు మెదిలాయి. ఈసారి తలుపు విరగ్గొట్టినవాళ్ళకు ప్రభుత్వ జీతం ఉంది, అంతే తేడా.

అదే ఏడాది ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం హార్వర్డ్‌కు రావలసిన 220 కోట్ల డాలర్ల పరిశోధన నిధులను ఆపింది. హార్వర్డ్ మీద నాకు జాలి లేదు; అది లాయర్లను పెట్టుకుంది, సెప్టెంబరులో కింది కోర్టులో గెలిచింది. వీసా మీద ఉన్న పిల్లకు లాయరు దొరికేలోపే ఆమె వేరే రాష్ట్రంలో ఉంటుంది. ఇక్కడా కొలత అదే: కాళ్ళున్నవాడితో బేరం, లేనివాడికి చెర. అణు వ్యవహారంలో నాకు కనిపించిన వరసే ఇక్కడా కనిపించడం కాకతాళీయమని నేను అనుకోవడం లేదు. ఎదుటివాడి మాట ఎంత ప్రమాదకరం అన్న ప్రశ్నకు అధికారంలో ఉన్నవాళ్ళు ఇచ్చే జవాబులో చాలా భాగం, వాణ్ణి ఎంత సులువుగా కొట్టవచ్చు అన్న దానినుంచే వస్తుంది.

సెప్టెంబర్ 10న యూటా వ్యాలీ యూనివర్సిటీలో కన్సర్వేటివ్ యువనాయకుడు చార్లీ కర్క్‌ను కాల్చి చంపారు. మైకు పెట్టుకుని కూర్చుని, నా మాట తప్పని నిరూపించండి అంటూ విద్యార్థులతో వాదించే మనిషి అతడు. మన భారతీయులకు అమెరికా ఇక వీసాలు ఇవ్వనక్కరలేదని చనిపోవడానికి వారం ముందే రాశాడు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ ఆ రోజు అతణ్ణి దుమ్మెత్తిపోశాయి. అయినా అతడు చేసినది మాట్లాడటమే, మాటకు జవాబు తూటా కాదు. ద్వేషభాష అన్నది అమెరికా చట్టంలో లేదనీ, ఎంత నీచమైన మాటకైనా రాజ్యాంగ రక్షణ ఉందనీ 2024లో అతడే రాశాడు. అతని హత్య జరిగిన వారంలోపే అటార్నీ జనరల్ పామ్ బాండీ, భావ ప్రకటనా స్వేచ్ఛ వేరు, ద్వేషభాష వేరు, ఆ మాటలు అనేవాళ్ళ వెంటపడతామంది. కన్సర్వేటివ్‌లలోనే చాలామంది ఆమె మీద విరుచుకుపడగా మర్నాడు సర్దుబాటు చేసుకుంది. ఆ విరుచుకుపడినవాళ్ళను చూసి నాకు కొంచెం ఊపిరి వచ్చింది. అసలు వాదన ఇంకా కొందరి దగ్గరైనా బతికే ఉంది.

అన్నయ్య మాట

ఇదంతా దసరా రోజున అన్నయ్యకు చెప్పాను. అతడు రెండు విషయాలు అన్నాడు, రెండింటినీ నేను కొట్టిపారేయలేను.

మొదటిది, ఇరాన్ మాటలకు కాళ్ళు లేవని ఎవరన్నారు అని. 1983 అక్టోబరులో బేరూత్‌లో 241 మంది అమెరికా సైనికులను చంపిన ట్రక్కు బాంబు వెనక ఎవరున్నారని అడిగాడు. సల్మాన్ రష్దీ సంగతి గుర్తుచేశాడు. 1989 ఫిబ్రవరిలో ఖొమేనీ ఒక రచయితను చంపమని రేడియోలో ప్రకటించినప్పుడు అది కొన్ని వాక్యాలు మాత్రమే. 2022 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వాలో, ఉపన్యాస వేదిక మీద, ఆ ప్రకటన వెలువడిన నాటికి పుట్టనైనా పుట్టని కుర్రవాడు కత్తితో ఆయన కన్ను పోగొట్టాడు. ఇరాన్ ప్రభుత్వం తనకు సంబంధం లేదంది. సంబంధం లేకపోవచ్చు, కాని మాట ముప్పై మూడేళ్ళు నడిచి వచ్చిందన్నది నిజం. "మాటలు గడప దాటవని నువ్వెలా అంటావురా?" అన్నాడు అన్నయ్య. నా కొలతలో లోపం అక్కడుంది. మాటకు కాళ్ళు అన్నవాడి దగ్గరే ఉండనక్కరలేదు, విన్నవాడి దగ్గర మొలవవచ్చు.

ఈ లెక్కన 'మాట కూడా హింసే' అన్న క్యాంపస్ పిల్లలు నెగ్గినట్టేనా? కాదనే నా అభిప్రాయం. ఖొమేనీ చేసింది అభిప్రాయం చెప్పడం కాదు, ఆజ్ఞ ఇవ్వడం. ఒక రాజ్యాధినేత పేరుపెట్టి ఒక మనిషి ప్రాణానికి వెల కట్టించడం. బ్రాండెన్‌బర్గ్ గీతకు అవతలి వైపున ఉండేది అదే. కాని ఆ గీత నేననుకున్నంత సన్నగా, సూటిగా లేదని మాత్రం ఒప్పుకున్నాను.

రెండోది, శిశుపాలుడు. "కృష్ణుడు నూరు తప్పులు కాచాడు, నూట ఒకటో దానికి చక్రం వదల్లేదా?" అన్నాడు అన్నయ్య. ఇంట్లో అందరూ అతని వైపే నవ్వారు. నేను అన్నాను, ఆ నూరు లెక్కపెట్టగలిగింది చేతిలో చక్రం ఉంది కనుకనే, చక్రం ఉన్నవాడు మూడో తిట్టుకే వదిలితే అది వేరే కథ అయ్యేది అని. తర్వాత ఇంటికి వస్తూ ఆలోచిస్తే నా జవాబూ పూర్తిగా అతకలేదు. లెక్క ఎవరు పెడతారు, నూరు అని ఎవరు నిర్ణయించారు? విదేశీ విద్యార్థి అతిథి, అతిథి మర్యాద తప్పితే పంపేయడం ఇంటివాడి హక్కు అని కూడా అన్నయ్య అన్నాడు. మేమిద్దరం ముప్పై ఏళ్ళ కిందట ఇలాంటి వీసాలమీదే, ఒకే సూట్‌కేసు కొలతలు ఫోనులో మాట్లాడుకుని మరీ ఈ ఇంటికి వచ్చిన అతిథులం. ఆ మాట అతనికి గుర్తుచేయాలనిపించలేదు.

మేనల్లుడి ఫోను

నవంబరులో గుంటూరు నుంచి మా అక్క కొడుకు ఫోను చేశాడు. బీటెక్ అయింది, ఎమ్మెస్ సీటు వచ్చింది, వీసా ఇంటర్వ్యూ దగ్గరపడింది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని విదేశాంగ శాఖ నియమం పెట్టింది. "మామయ్యా, పాత పోస్టులు ఏమైనా తీసేయమంటావా? కన్సల్టెన్సీ వాళ్ళు తీసేయమంటున్నారు, కొందరేమో తీస్తే అనుమానం వస్తుందంటున్నారు" అన్నాడు.

ఏముందని అడిగాను. ఇరాన్ మీద దాడి జరిగినప్పుడు పంచుకున్న ఒక కార్టూను, గాజా పిల్లల ఫోటో ఒకటి, దాని కింద రెండు వాక్యాలు. ఎవరినీ తిట్టలేదు. "తీసేయరా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చుని నాలుగేళ్ళ పోస్టులు ఒక్కొక్కటే చూశాం, సుమారు గంట పట్టింది. సినిమా హీరోల పుట్టినరోజులు ఉంచాం. ఎన్నికలప్పుడు రాసినవి తీసేశాం. అమ్మాయి కాఫీ కలుపుకుంటూ వెనకనుంచి చూసింది, ఏమీ అనలేదు.

చివరికి వాడు ఇంటర్ రెండో ఏట ఉండగా పెట్టిన పోస్టు ఒకటి వచ్చింది. మిడిల్‌బరీ గురించి నేను 2017లో రాసిన వ్యాసం లింకు, పైన వాడి మాట: 'మా మామయ్య రాశాడు, తప్పక చదవండి.' "దీన్ని ఏం చేయమంటావు?" అన్నాడు. అది ఉంచితే నష్టం లేదనుకుంటాను అన్నాను. వాడు తెర మీద దాన్ని కాసేపు చూశాడు. "ఎందుకైనా మంచిది మామయ్యా" అని దాన్ని కూడా తీసేశాడు.